తెలిసేదాకా బ్రహ్మవిద్య

"తెలిసేదాకా బ్రహ్మవిద్య, తెలిసిన తరువాత కూసువిద్య" అని మనవాళ్ళు ఒక సామెత చెబుతారు. పొడుపుకథ విప్పేదాకా ఇంటిల్లిపాదీ బుర్రలు గోక్కుంటారు. విప్పిన మరుక్షణం, అంతవరకూ నోరు మెదపనివాడే అందరికన్నా ముందు, "ఓస్, ఇంతేనా! నా నాలికమీదే వుంది" అంటాడు. అవధాన సభల్లో మరీ తమాషాగా వుంటుంది. పృచ్ఛకుడు అర్థంపర్థం లేని సమస్య ఒకటి ఇస్తాడు. అవధాని ముందు పాదం చివర రెండక్షరాలు తగిలించి, ఒక మాటను విరిచి, ఆ అనర్థానికి చక్కని అర్థం కుదురుస్తాడు. చప్పట్లు మారుమోగుతాయి. సభ ముగిసి మెట్లు దిగేటప్పుడు చెవి ఒగ్గి వినండి. "ఆ విరుపు ఎవరికైనా తట్టేదే లెండి" అనేవారు నలుగురైనా వుంటారు.

ఈ "ఎవరికైనా తట్టేదే" అన్న మాటను మనం పైసా ఖర్చు లేకుండా వాడుకుంటాం. కాని ఈ ఒక్క మాటమీద దేశదేశాల కోర్టుల్లో ఏళ్ళ తరబడి వాదాలు జరిగినవి. కొత్త వస్తువు కనిపెట్టామని పేటెంటు కోరేవారు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. అది కొత్తదా? పనికొస్తుందా? ఆ విద్య తెలిసినవాడికి ఎవడికైనా తట్టేదేనా? మొదటి రెండూ దాటినవారు చాలామంది మూడోదానిదగ్గర బోల్తా పడతారు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ గొడవ ఎందుకని చదువరులు అడగవచ్చు. ఇది మా మేనల్లుడి మూలంగా వచ్చింది. అక్కయ్యా బావగారూ రాజమండ్రిలో వుంటారు. వాళ్ళబ్బాయి ఇంజనీరింగు చదివి, రెండేళ్ళు ఉద్యోగం చేసి, అది మానేసి, ఇద్దరు స్నేహితులతో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని సైకిలు చట్రాలు తయారుచేయటం మొదలుపెట్టాడు. మామూలు ఇనుప చట్రాలు కావు. మన్యంనుంచి తెప్పించిన వెదురు గొట్టాలను, కీళ్ళదగ్గర కార్బను నారతో చుట్టి, బంక పట్టించి బిగించిన చట్రాలు. ఒక్క చేత్తో అవలీలగా ఎత్తవచ్చు. బావగారు రిటైరయినప్పుడు చేతికొచ్చిన సొమ్ములో మూడోవంతు ఆ షెడ్డులోకి వెళ్ళింది. అక్కయ్య గాజుల సంగతి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. కొంతకాలానికి పరీక్షకుల నివేదిక వచ్చింది. పది పేజీల ఆ నివేదిక సారాంశం ఒక్క వాక్యం: మీరు చెప్పినది అచ్చంగా ఇలాగే ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు, కాని ఈ పనిలో నేర్పున్న మనిషికి తట్టేదే. బావగారు ఆ వాక్యం చదివి రెండుపూటలు సరిగా భోజనం చెయ్యలేదట. "మామయ్యా, నాన్నకు నువ్వే నచ్చచెప్పాలి. నేను నోరెత్తితే కోప్పడుతున్నారు" అంటూ వాడు కాగితాలకట్ట తెచ్చి నా బల్లమీద పెట్టాడు. తెలుగు ఎమ్మే చదివినందుకు నాకు అంతకుముందు ఎవ్వరూ ఇంత గౌరవం ఇవ్వలేదు. వేసవి సెలవులు నెల రోజులూ సైకిలు చట్రాల చరిత్రా, కోర్టు తీర్పులూ చదువుకుంటూ గడిపాను. వాటిలో మనబోటివాళ్ళకు రుచించే సంగతులు కొన్ని చెబుతాను.

మిశ్రమ పదార్థం అంటే విమానాల వాళ్ళ విద్య అని భయపడనక్కరలేదు. మన తాతలు గోడ పెట్టేటప్పుడు మట్టిలో వరిగడ్డి వేసి తొక్కేవారు. ఒట్టి మట్టి అయితే ఎండకు బీటలు వారుతుంది. ఒట్టి గడ్డి గోడగా నిలవనే నిలవదు. రెండూ కలిస్తే ఇల్లవుతుంది. వెదురు కూడా ప్రకృతి చేసిపెట్టిన అలాంటి మిశ్రమమే. పొడుగునా నారలు, వాటిని పట్టివుంచే కండ. కార్బను చట్రంలో నార కార్బనుది, వెంట్రుకకన్నా సన్నం. దాన్ని పట్టివుంచేది ఎపాక్సీ అనే బంక. ఉక్కు నీటికన్నా సుమారు 7.8 రెట్లు బరువు, అల్యూమినియం 2.7 రెట్లు. ఈ కార్బను మిశ్రమం 1.6 రెట్లకు అటూఇటూ మాత్రమే. మన పాత నల్ల సైకిలు మొత్తం ఇరవై కిలోలు తూగితే, నేటి పందెపు సైకిలులో కార్బను చట్రం ఒక్క కిలో కూడా తూగకపోవచ్చు.

అయితే ఒక చిక్కు వుంది. నారను పొడుగునా లాగితే ఎంత బరువైనా ఆపుతుంది, అడ్డంగా లాగితే విడిపోతుంది. వెదురును నిలువునా చీల్చటం ఎంత సులువో, అడ్డంగా విరవటం ఎంత కష్టమో తడికలల్లే వారిని అడగండి. అందుచేత కార్బను నారను పొరలు పొరలుగా, ఒక పొర నిలువుగా, ఒకటి ఏటవాలుగా, ఒకటి అడ్డంగా, ఎక్కడ ఏ బరువు పడుతుందో చూసి పేర్చాలి. విద్య అంతా ఆ పేర్పులో వుంది. తగాదాలు కూడా అక్కడే వున్నవి.

ఇక చరిత్ర. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవరు సైకిలునుంచి నేటి సైకిలుకు ఒక రూపం కుదిరింది. కొద్దికాలంలోనే చట్రం మనమెరిగిన ఆ రెండు త్రికోణాల ఆకారంలో స్థిరపడింది. 1890లలోనే వెదురు చట్రాలు వచ్చినవి. అంటే వెదురు సైకిలు మా మేనల్లుడికన్నా వందేళ్ళ పెద్దదన్నమాట. 1970లలో అమెరికాలో ఎక్సాన్ అనే చమురు కంపెనీవారు గ్రాఫ్‌టెక్ అనే సైకిలు తెచ్చారు. సన్నని అల్యూమినియం గొట్టంమీద కార్బను చుట్టి, ఉక్కు కీళ్ళతో అతికినది. కార్బను వచ్చింది కాని రూపం మాత్రం ఇనుపకాలం నాటిదే. 1986లో కెస్ట్రెల్ 4000 అనే సైకిలు వచ్చింది. గొట్టాలూ కీళ్ళూ అని వేరువేరుగా లేకుండా కార్బనుతోనే చట్రమంతా పోతపోసినట్టు చేసినది. 1992 బార్సిలోనా ఒలింపిక్సులో క్రిస్ బోర్డ్‌మన్ ఎక్కిన లోటస్ సైకిలు చూసి జనం నోళ్ళు తెరిచారు. త్రికోణాలే లేవు, ఒక పెద్ద నల్లని రెక్కలా వుంది. దాని మూల భావన మైక్ బరోస్ అనే ఆయనది. ఫైనలు పందెంలో బోర్డ్‌మన్ ప్రపంచ విజేతగా వున్న జర్మనుణ్ణి వెనకనుంచి వచ్చి దాటేశాడు. తరువాత అంతర్జాతీయ సైక్లింగు సంఘం వారు చట్రం త్రికోణాల రూపంలోనే వుండాలనీ, సైకిలు 6.8 కిలోలకు తగ్గరాదనీ నిబంధనలు పెట్టారు. ఇవి 2000లో అమలులోకి వచ్చినవి.

ఇప్పుడు ప్రశ్న ఏమిటంటే, ఈ మెట్లలో ఏది ఎవరికైనా తట్టేది, ఏది తట్టనిది? ఇనుము తీసి కార్బను పెట్టటం కనిపెట్టటమేనా?

ఈ ప్రశ్నకు మూలపురుషుడు ఒక తలుపు పిడి. అమెరికాలో కొందరు మట్టితోనూ పింగాణీతోనూ తలుపు పిడులు చేసి 1841లో పేటెంటు తీసుకున్నారు. పిడి ఆకారం పాతదే, లోపల చువ్వ బిగించే ఉపాయం లోహపు పిడుల్లో వున్నదే, పింగాణీ కూడా లోకం ఎరిగినదే. లోహం బదులు పింగాణీ పెట్టటం ఒక్కటే కొత్త. 1851లో అమెరికా సుప్రీంకోర్టు ఆ పేటెంటు చెల్లదన్నది. వస్తువు మారితే చాలదు, పనిలో ఆరితేరిన మామూలు పనివాడి నేర్పును మించినది ఏదైనా వుండాలి అన్నది. ఒక న్యాయమూర్తి ఒప్పుకోలేదు. ఆయన పేరు వుడ్‌బరీ. పిడి చవకగా, మేలుగా తయారవుతున్నప్పుడు పనివాడి తెలివిని తూచవలసిన పని ఏమిటి అని ఆయన వాదన. ఆ భిన్నాభిప్రాయం చదువుతుంటే నాకు బావగారి గొంతు వినిపించింది.

ఉక్కు గొట్టం తీసి అదే కొలతలతో కార్బను గొట్టం పెట్టినవాడు ఈ పింగాణీ పిడివాడికి తమ్ముడే. కాని కార్బను అంత సులువుగా ఇనుముకు బదులు కూర్చోదు. ఉక్కు గొట్టానికి అన్ని వైపులా ఒకే బలం. కార్బనుకు పేర్చినవాడి బుద్ధినిబట్టి బలం. పైగా కొత్త వస్తువుతో కొత్త తగువులు వస్తాయి. కార్బనూ అల్యూమినియమూ ఒకదానికొకటి తగిలివుండి, మధ్య చెమటో ఉప్పునీరో చేరితే అల్యూమినియం మెల్లగా తినివేయబడుతుంది. రెండింటి మధ్య పలుచని గాజునార పొర ఒకటి వేస్తే ఆ తగువు తీరుతుంది. ఇప్పుడది పనివాళ్ళందరికీ తెలిసిన ఉపాయమే. ఈ గాజునార పొరను కాస్త జ్ఞాపకం వుంచుకోండి, మళ్ళీ దీనితో పని వున్నది.

పింగాణీ పిడికి ఎదురుగా నిలబడేది ఒక బ్యాటరీ. ఆడమ్స్ అనే ఆయన మెగ్నీషియంతోనూ ఒక రాగి లవణంతోనూ నీళ్ళు పోస్తే పనిచేసే బ్యాటరీ తయారుచేశాడు. ఆ రెండు పదార్థాలూ వేరువేరుగా ఏనాటినుంచో తెలిసినవే. కాని రెండూ కలిపితే పనిచెయ్యదనే అప్పటి శాస్త్రజ్ఞుల నమ్మకం. సైనిక నిపుణులు చూసి కూడా నమ్మలేదు. తరువాత వాళ్ళే దాన్ని వాడుకుని, డబ్బు అడిగేసరికి "ఇది తట్టేదే" అన్నారు! 1966లో అమెరికా సుప్రీంకోర్టు ఆడమ్స్ పక్షాన తీర్పు చెప్పింది. పెద్దలందరూ అటు పోవద్దన్న దారిన పోయి ఊరు చేరినవాణ్ణి, ఆ దారి అందరికీ తెలిసినదే అనటం న్యాయం కాదుగదా.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది ఒక పన్నెండేళ్ళ పిల్లవాడి కథ. పలకమీద నిలబడి తెరచాప పట్టుకుని నీళ్ళమీద జారే ఆట ఒకటి వున్నది. దానికి ఇద్దరు అమెరికనులు 1968లో పేటెంటు కోరారు. తరువాత వ్యాపారం బాగా సాగింది. ఇంగ్లండులో ఒక కంపెనీమీద దావా పడ్డప్పుడు, ఎదుటిపక్షంవారు 1958 నాటి సంగతి బయటికి తీశారు. హేలింగ్ ద్వీపంలో పీటర్ చిల్వర్స్ అనే కుర్రవాడు, పన్నెండేళ్ళవాడు, అలాంటి పలకే స్వయంగా చేసుకుని సెలవుల్లో సముద్రంమీద ఆడుకున్నాడు. దానికితోడు 1965లో న్యూమన్ డార్బీ అనే ఆయన తెరచాప పలకమీద అమెరికా పత్రికలో ఒక వ్యాసం రాసివున్నాడు. 1985లో అక్కడి అప్పీలు కోర్టు, పిల్లవాడి పలకవల్ల ఇది కొత్తదీ కాదు, ఆ వ్యాసంవల్ల తట్టనిదీ కాదు అని పేటెంటును కొట్టేసింది. పసివాడి ఆట ఒక పెద్ద వ్యాపారాన్ని కూల్చిందని నవ్వుకున్నాను. తరువాత ఆలోచిస్తే అందులో న్యాయం కనిపించింది. లోకంలో బహిరంగంగా వున్నదాన్ని ఎవరూ కంచె వేసి మూసుకోరాదు, అది పిల్లవాడి ఆటయినా సరే.

మన దేశపు కథకూడా ఒకటి చెప్పాలి. అది మన వంటింటి సరుకు. గిన్నెలూ పళ్ళేలూ లేతుమీద బిగించి తిప్పుతూ మెరుగుపెట్టేటప్పుడు గిన్నె ఊడి ఎగిరిపడే ప్రమాదం వుండేది. ఒక కంపెనీవారు రెండోవైపునుంచి ఒక మొనతో అదిమిపట్టే ఏర్పాటు చేసి 1951లో పేటెంటు తీసుకున్నారు. మీర్జాపూరులోని మరొక కంపెనీమీద దావా వేశారు. అలహాబాదు హైకోర్టులో ఒకసారి ఇటు, ఒకసారి అటు తీర్పులు వచ్చినవి. చివరకు 1978లో మన సుప్రీంకోర్టు, పని సులువైన మాట నిజమే కాని ఇది లేతు పనివారందరికీ తెలిసిన పద్ధతే, వర్కుషాపులో చేసుకునే మెరుగును మించినది కాదు అని పేటెంటును రద్దు చేసింది. ఈనాటికీ మన దేశంలో ఈ విషయం వాదించే ప్రతి లాయరూ ఆ గిన్నెల తీర్పును తలచుకోక తప్పదు. 2005 సవరణ తరువాత మన పేటెంటు చట్టం ఇంకొంచెం వివరంగా చెబుతున్నది. ఉన్న విద్యకన్నా సాంకేతికంగా ఒక ముందడుగైనా, ఆర్థికంగా ప్రాముఖ్యమైనా, లేక రెండూ అయినా వుండాలి. దానితోపాటు, ఆ విద్య తెలిసినవాడికి తట్టేదిగా వుండకూడదు.

ఇంతకూ ఎవరీ "విద్య తెలిసినవాడు"? న్యాయవాదులు అడుగడుగునా ఇతణ్ణి పిలుస్తారు, కాని ఇతనికి ఊరూ పేరూ లేదు. లోకంలో అచ్చయిన ప్రతి పుస్తకమూ, ప్రతి పేటెంటూ చదివివుంటాడు. అన్నీ గుర్తుంటాయి. కాని సొంతంగా ఒక్క కొత్త ఊహా చెయ్యలేడు. ఇది చదివినప్పుడు మా స్టాఫు రూములో నలుగురు మిత్రులు నా కళ్ళముందు మెదిలారు. నేను నా పేరుకూడా కలుపుకున్నాను. అయితే 2007లో అమెరికా సుప్రీంకోర్టు, కారు పెడలు తగాదా ఒకటి తీరుస్తూ, ఈ కల్పిత మనిషిని మరీ కీలుబొమ్మను చెయ్యవద్దన్నది. మామూలు పనివాడికి కూడా మామూలు కల్పనాశక్తి వుంటుంది, రెండు ముక్కలు కలిపి చూసే తెలివి వుంటుంది అన్నది. ఆ మాట నాకు నచ్చింది. మా వీధి చివర సైకిలు షాపతను గొట్టం విరిగితే లోపల చెక్కముక్క దూర్చి, పైన తగరపురేకు చుట్టి, సాయంత్రానికి బండి చేతికిస్తాడు. అతనికి తట్టేవి కొన్ని వున్నవని చట్టం ఒప్పుకోవద్దూ?

ఇక కార్బను చట్రాల వాదం ఎలా నడుస్తుందో చూడండి. ఒకాయన అంటాడు: "చట్రం రూపం 1885 నాటిది. కార్బను నార విమానాలవారిది. పొరలు పేర్చటం పడవలవారికి తెలుసు. బంక కాల్చి గట్టిపరచటం అందరికీ తెలుసు. ఇక నీదేమున్నది?" రెండో ఆయన అంటాడు: "నాలుగు బట్టలకొట్లలో నాలుగు దారప్పోగులు చూపించి, నా చీర ముందే వున్నదంటే ఎలా? ఆ నాలుగూ కలపాలని నాకన్నా ముందు ఎవరికి తోచింది? తోస్తే ఇన్నేళ్ళూ ఎందుకు ఊరుకున్నారు?" ఇద్దరి మాటలోనూ నిజం వున్నది. జడ్జిగారి కష్టమల్లా ఇక్కడే. ఆయన చట్రం చూసిన తరువాత తీర్పు చెప్పాలి, కాని చూడనివాడి కళ్ళతో చెప్పాలి. జవాబు తెలిసినవాడు పొడుపుకథ ఎంత కష్టమో తూచటం లాంటిదిది.

అందుకే కోర్టులు బయటి సాక్ష్యాలు కూడా అడుగుతాయి. చాలాకాలంగా ఆ లోటు అందరికీ తెలిసివుండి తీరలేదా? ఇతరులు ప్రయత్నించి విఫలులయ్యారా? సరుకు బాగా అమ్ముడుపోయిందా? పోటీదారులు దాన్నే అనుకరించారా? ఇందులోనూ కిటుకు వున్నది. చట్రం తగాదా కాదుగాని, గొలుసు ఎక్కే పళ్ళచక్రంమీద శ్రామ్, ఫాక్స్ అనే రెండు సైకిలు సామాన్ల కంపెనీల మధ్య తగాదా నడిచింది. ఒక పన్ను సన్నం, ఒక పన్ను లావు, అలా మార్చిమార్చి పెడితే గొలుసు జారదు. చక్రం బాగా అమ్ముడుపోయింది, మెప్పు వచ్చింది, కనుక ఇది తట్టేది కాదు అని శ్రామ్ వాదన. 2019లో అమెరికా అప్పీలు కోర్టు, ఆ మెప్పు మీ పేటెంటులో రాసుకున్న విశేషానికే వచ్చిందా, సరుకులో వున్న ఇతర విశేషాలకు వచ్చిందా ముందు తేల్చండి అని, పేటెంటు బోర్డు నిర్ణయాన్ని పక్కనపెట్టి తిరిగి పంపింది. సినిమా ఆడింది కాబట్టి కథ గొప్పదనలేము గదా, పాటలకోసం ఆడి వుండవచ్చు!

ఇవన్నీ చదివిన మీదట రాజమండ్రి వెళ్ళాను. బావగారు వరండాలో పడక కుర్చీలో వున్నారు. కాఫీలు అయినవి. "ఏమయ్యా, నువ్వూ వాళ్ళ పక్షమేనా? మావాడు ఎవరిదో దొంగిలించాడనేగా ఆ రాతకు అర్థం?" అన్నారు. ఆయన బాధ అంతా ఆ మాటలో వున్నది. పోయిన డబ్బుకన్నా పోయిన పరువు ఆయన్ను కుంగదీసింది.

నేను నాకు తెలిసిన దారినే బయలుదేరాను. వెయ్యేళ్ళకు పైచిలుకు క్రితం కాశ్మీరంలో ఆనందవర్ధనుడనే అలంకారికుడు ఇదే ప్రశ్న వేసుకున్నాడు. ఒక కవి మాట మరొక కవి మాటలా వుంటే ఏమనాలి? పోలిక మూడు విధాలన్నాడు. అద్దంలో నీడలాంటిది ఒకటి. పటంలో బొమ్మలాంటిది ఒకటి. ఇద్దరు మనుషులు ఒకరినొకరు పోలివుండటం లాంటిది ఒకటి. మొదటి రెండూ విడిచిపెట్టమన్నాడు, మూడోదాన్ని తప్పుపట్టలేదు. పోలిక వున్నా అతని ప్రాణం అతనిది. "ఆ నివేదికలో దొంగతనం మాట ఎక్కడా లేదు బావగారూ. వీడి చట్రం అద్దంలో నీడ కాదనే ఒప్పుకున్నారు. దానికి సొంత ప్రాణం వున్నదా అని అడుగుతున్నారు, అంతే" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "మరి వున్నదా?" అన్నారు చివరికి, నన్ను కాదు, గుమ్మంలో నిలబడ్డ కొడుకును.

అప్పుడు అసలు సంగతి వాడే చెప్పాడు. దరఖాస్తులో మొదట వాళ్ళు "వెదురూ కార్బను నారా కలిపి చేసిన సైకిలు చట్రం" అంతా తమదేనని రాసుకున్నారు. అది నిలవదు. వెదురు చట్రం పందొమ్మిదో శతాబ్దిది, నారచుట్టిన కీళ్ళూ ఇదివరకు వున్నవే. కాని వాళ్ళు నిజంగా రెండేళ్ళు తంటాలుపడ్డది వేరొకచోట. వానాకాలం వెదురు ఉబ్బుతుంది, వేసవిలో చిక్కుతుంది. కార్బను ఉబ్బదు, చిక్కదు. అందుచేత ఏడాది తిరిగేసరికి కీలు వదులయ్యేది. ఇరవైకి పైగా చట్రాలు అలా పాడయినవి. చివరకు వెదురు కొసను సన్నగా నిలువుచీలికలు చేసి, కార్బనుకూ దానికీ మధ్య సాగే గుణమున్న పొర ఒకటి వేస్తే రెండు వానాకాలాలు గడిచినా కీలు కదలలేదు. నివేదికలో పరీక్షకులు ఇక్కడే పట్టుకున్నారు. కార్బనుకూ అల్యూమినియానికీ మధ్య గాజునార పొర వేయటం తెలిసినదే గనక, వెదురుకూ కార్బనుకూ మధ్య పొర వేయటం తట్టేదే అన్నారు. ఇందాక జ్ఞాపకం వుంచుకోమన్నది ఇందుకే.

"ఆ పొర తుప్పుకోసం, నాన్నా. రెండూ ఒకదాన్నొకటి తగలకుండా వేసేది. గట్టిగా వుంటుంది. మాది ఉబ్బుకోసం. అది మెత్తగా సాగాలి. గాజునార వేసి చూశాం, పనికిరాలేదు. ఆ పాడయిన చట్రాలు షెడ్డులో అలాగే వున్నవి, తేదీలతో సహా రాసి పెట్టాం" అన్నాడు వాడు. బావగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "ఆ పాడయినవాటి సంగతి జవాబులో రాశారా?" అన్నారు. రాయలేదు. చెడిపోయిన సరుకు చూపించుకోవటం నామోషీ అనుకున్నారు పిల్లలు. నిజానికి ఇలాంటి వ్యాజ్యంలో వాటంత మంచి సాక్షులు లేరు. తట్టేదే అయితే ఇరవైసార్లు ఎందుకు తట్టలేదు?

జవాబు తయారయింది. వెదురు సైకిలంతా మాదన్న మాట తీసివేశారు. చీలికలూ సాగే పొరా కలిసిన కీలు ఒక్కటే కోరుకున్నారు. మొత్తం చీర పోయి జానెడు అంచు మిగిలిందని మా అక్కయ్య మొదట నొచ్చుకున్నది. బావగారే ఆమెకు నచ్చచెప్పారు. "వెదురుకు నార చుట్టినవాడల్లా ఇరవై ఏళ్ళపాటు మనవాడికి కప్పం కట్టాలంటే, మన వీధిలో సైకిలు షాపువాడు ఏం కావాలే?" అన్నారు. నేను నెల రోజులు చదివినది ఆయన ఒక్క మాటలో తేల్చేశారు. జవాబు పంపించారు. నిర్ణయం ఇంకా రాలేదు. వస్తే ఎటు వస్తుందో లాయరుకే తెలియదు, తెలుగు లెక్చరరుకు ఏం తెలుస్తుంది?

ఒకటి మాత్రం తోస్తున్నది. పేటెంటు తగాదాలలో రెండు అన్యాయాలకు అవకాశం వున్నది. అందరి సొత్తయిన ఉపాయాన్ని ఒక్కడు కంచె వేసి మూసుకోవటం ఒకటి. ఒక్కడు కష్టపడి తెచ్చినదాన్ని, తెచ్చిన తరువాత, ఇది అందరిదీ అని లాగేసుకోవటం రెండోది. ఈ రెంటి మధ్య గీత గియ్యటానికే ఇన్ని తీర్పులూ, ఇంతమంది లాయర్లూ. ఆ గీత ఎప్పటికీ సన్నగానే వుంటుంది. ఎందుకంటే బ్రహ్మవిద్య కూసువిద్య అయ్యేది ఒక్క క్షణంలో. ఆ క్షణానికి ముందు ఎన్ని చట్రాలు విరిగినవో, ఎవరి సొమ్ము ఎంత ఖర్చయినదో తరువాత చూసేవారికి కనిపించదు. అడిగి తెలుసుకోవలసి వుంటుంది. కోర్టులే అడగాలన్న నియమం లేదు. మన ఇళ్ళలో పిల్లలు ఏదైనా చేసి తెచ్చి చూపించినప్పుడు "ఓస్, ఇంతేనా" అనబోయేముందు, "ఎన్నిసార్లు చెడిపోయిందిరా?" అని మనమూ ఒకమాట అడగవచ్చు.